పెద్దకూర కౌంటర్ మూలకెందుకు?



వచ్చే నెల మా చెల్లె రిసెప్షన్. నాలుగు వందల మందికి భోజనాలు. అన్నీ లైవ్ కౌంటర్లే కావాలన్నది చెల్లె. పెనం మీద దోశ, పానీపూరీ, జిలేబీ, కండ్ల ముందే కొట్టే జొన్నరొట్టె, దాని పక్కన పెద్దకూర వేపుడు.

క్యాటరర్ పెన్ను అక్కడ ఆగింది. "అన్నా, అదొక్కటి షామియానా ఎనక పెడదాం. కావాల్సినోళ్లు అడుగుతరు."

బాపు కూడా తలూపిండు. ఆయన్ని తప్పుపట్టలేను. చిన్నప్పుడు దొర ఇంటి పెళ్లికి పోతే, అందరూ తిన్నంక మిగిలింది పోస్తారని గిన్నె పట్టుకుని బయట కూసున్న మనిషి. ఈరోజు అన్ని కులాలోళ్లు మన ఇంటి బంతికి వస్తున్నరు, అది చెడగొట్టొద్దన్నది ఆయన భయం.

కానీ ఇది కులాంతర పెళ్లి. కలిసి తింటే సరిపోదు, కులాన్ని పోగొట్టే అసలు మందు కులాంతర వివాహమేనని బాబాసాహెబ్ 1936లోనే రాశారు. పీటల దాకా వచ్చిన సమానత్వం పొయ్యి దగ్గర ఎందుకు ఆగాలె? 2012లో ఉస్మానియాలో పెద్దకూర పండుగ పెడితే గొడవలైనయి. ఇక్కడ గొడవే లేదు, మనమే ముందుగాల దాచుకుంటున్నం. ఇది ఇంకా ప్రమాదం.

లైవ్ కౌంటర్ అంటే వండేటోళ్లు, తినేటోళ్లు ఎదురెదురుగా నిలబడుడు. "కారం ఎక్కువెయ్యాల్నా?" అని మొఖం చూసి అడుగుడు. ఒక్క కూరను తెర ఎనక పెడితే, దాన్ని తినేటోళ్లను కూడా తెర ఎనక నిలబెట్టినట్టే.

అందుకే ఇట్ల తేల్చుకున్నం. ప్రతి కౌంటర్‌కు ఒకే సైజు బోర్డు, పేరు సాఫ్‌గా. పెద్దకూరకు వేరే పెనం, వేరే గరిటెలు. తిననోళ్ల ఇష్టాన్ని గౌరవించాల్సిందే. రాష్ట్రంలో 1977 చట్టం ఆవును కోయనియ్యదు. మేం తెచ్చేది లైసెన్సున్న దుకాణం నుంచి దున్న మాంసం. ఎవరన్న అడిగితే ఇదే జవాబు.

బాపు చాలాసేపు మాట్లాడలే. తర్వాత ఒక్కటే అడిగిండు: "మరి వడ్డించే పిలగాండ్లు ఎప్పుడు తింటరు?"

నాకు సిగ్గేసింది. క్యాటరింగ్‌కు వచ్చేటోళ్లలో మన వాడల పిల్లలే ఎక్కువ. రాత్రి ఒంటి గంటకు మిగిలింది తింటరు. అప్పటి గిన్నె, ఇప్పటి స్టీల్ ట్రే, పెద్ద తేడా ఏముంది?

ఏడు గంటలకు, అతిథులకన్నా ముందు, మొదటి బంతి వాళ్లదే. వడ్డించేది నేను, బాపు.