ఏడున్నర గంటల ఆలస్యానికి బిస్కెట్టు పొట్లమా?

 

మన సంఘం కుటుంబం ఒకటి చెన్నై నుంచి సింగపూర్‌కు బయలుదేరింది. సెరంగూన్ రోడ్డు పెరుమాళ్ కోవిల్‌లో మేనకోడలి పెళ్లి. మరుసటి ఉదయం పదిన్నరకు ముహూర్తం. రాత్రి 11 గంటలకు లేవాల్సిన విమానం తెల్లవారి ఆరున్నరకు లేచింది. డెబ్బై దాటిన పెద్దామెతో సహా అందరూ రాత్రంతా కుర్చీల్లోనే. ఇచ్చింది తలా ఒక బిస్కెట్టు పొట్లం, ఒక నీళ్ల సీసా. మేనమామ కోవిల్ చేరేసరికి తాళి కట్టడమే కాదు, భోజనాలు కూడా ముగిసినాయి.

ఈ మాట సంఘం కూటంలో వస్తే ఒకరు అన్నారు: "విమానంలో పోయేవాళ్లకు ఒక రాత్రి కూర్చోవడం కష్టమా? సర్దుకోవాలి." నలుగురు తల ఊపినారు. ఆ తల ఊపడం మీదే మా కోపం.

డీజీసీఏ నియమాలు 2010 నుంచి ఉన్నాయి. రెండున్నర నుంచి ఐదు గంటల ప్రయాణమైతే, మూడు గంటల ఆలస్యానికే భోజనం పెట్టాలి. రాత్రి 8 నుంచి తెల్లవారుజాము 3 లోపల లేవాల్సిన విమానం ఆరు గంటలు దాటి ఆలస్యమైతే హోటల్ గది ఇవ్వాలి. అంటే ఆ పెద్దామెకు మంచం దొరకాల్సింది. అడిగినవాళ్లు లేరు, ఇచ్చినవాళ్లు లేరు. అడగందే అమ్మయినా పెట్టదు, కంపెనీ పెడుతుందా?

"వాన పడితే వాళ్లేం చేస్తారు?" అంటారు. నిజమే, తమ చేతిలో లేని కారణమైతే కంపెనీకి మినహాయింపు ఉంది. అందుకే మొదట అడగాల్సింది కారణం, అదీ రాతలో. ఆ రాత్రి కౌంటర్‌లో చెప్పింది "ఆపరేషనల్ రీజన్" అనే రెండు మాటలే. అది కారణమా, దుప్పటి కప్పడమా? బాగులేని విమానాన్ని నడపమని మేము అనడం లేదు. బాగుచేసేదాకా ముసలివాళ్లను పడుకోబెట్టమంటున్నాము.

మేము రైల్వే కౌంటర్ వెనక ఆయుసంతా గడిపినవాళ్లం. రైలు మూడు గంటలు దాటి ఆలస్యమై, ఎక్కకుండా వేళకు టీడీఆర్ పెడితే, స్లీపర్ టికెట్టువాడికీ పూర్తి దుడ్డు తిరిగి వస్తుంది. 2019లో లక్నో–ఢిల్లీ తేజస్ రైలు గంట దాటితే 100, రెండు గంటలు దాటితే 250 రూపాయలు ఇస్తామని చెప్పినారు. చిన్న మొత్తమే, కానీ ఆలస్యానికి ఒక వెల కట్టినారు. మన డీజీసీఏ మాత్రం విమానం రద్దయితే పరిహారం రాసింది గానీ, ఆలస్యానికి రూపాయి రాయలేదు. యూరప్‌లో 2004 చట్టం కింద, దూర ప్రయాణం మూడు గంటలు దాటి ఆలస్యమైతే 600 యూరోల దాకా ఇస్తారు. మన ప్రయాణికుడి రాత్రికి వెల లేదా? ఈ నియమం మారాలని సంఘం తరఫున రాయాలి.

అంతదాకా చేతిలో ఏమీ లేదనుకోవద్దు. 1999 మాంట్రియల్ ఒప్పందంలో 2009 నుంచి మన దేశమూ ఉంది, సింగపూర్ కూడా ఉంది. ఆలస్యంవల్ల కలిగిన నష్టానికి కంపెనీ బాధ్యత పడాలి, తాము చేయగలిగిందంతా చేశామని రుజువు చేసుకుంటే తప్ప. దావాకు గడువు రెండేళ్లు. కాబట్టి బోర్డింగ్ పాస్ పారేయవద్దు, తిండికి పెట్టిన ఖర్చుకు బిల్లు అడగండి, ఆలస్యం మెసేజ్ ఫోటో తీసుకోండి. మొదట కంపెనీకి, తరువాత ఎయిర్‌సేవాలో, చివరికి వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు పెట్టండి.

ముహూర్తానికి ముందు రాత్రి విమానం పట్టుకోవడం మన పొరపాటే. ఒక రోజు ముందే పోవాలి. కానీ మన పొరపాటు వాళ్ల బాధ్యతను తుడిచెయ్యదు.

ఆ కుటుంబం ఫిర్యాదు రాయడానికి మేము పక్కన కూర్చుంటాము. కూటంలో తల ఊపిన నలుగురూ వచ్చి, సాక్షి సంతకాలు కాకపోయినా, కాఫీ అయినా పెట్టండి.