గాలి ఉంది.. బిల్లు వస్తుందా? విండ్ ప్రాజెక్టుల లెక్క తేలేది అక్కడే!

రాయలసీమలో మళ్లీ విండ్ పవర్ సందడి మొదలైంది. అనంతపురం జిల్లా గుత్తి మండలం బేతపల్లిలో రూ.22 వేల కోట్ల అంచనాతో రెన్యూ సంస్థ తలపెట్టిన ప్రాజెక్టుకు 2025 మేలో మంత్రి నారా లోకేష్ శంకుస్థాపన చేశారు. సోలార్, విండ్, బ్యాటరీ మూడూ ఒకే చోట పెట్టే కాంప్లెక్స్ ఇది. అంతకుముందు 2024 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఇంటిగ్రేటెడ్ క్లీన్ ఎనర్జీ పాలసీ తెచ్చింది. రూ.10 లక్షల కోట్ల పెట్టుబడులు తేవడం టార్గెట్ అని చెప్పింది.

ఇదంతా బాగానే ఉంది. కానీ ఏపీలో విండ్ ప్రాజెక్టుకు అప్పిచ్చే బ్యాంకు ముందు చూసేది గాలి మ్యాప్ కాదు, 2019 ఫైల్.

అప్పుడేం జరిగిందంటే..

2019 జులైలో ఏపీ ప్రభుత్వం విద్యుత్ కొనుగోలు ఒప్పందాలను, అంటే పీపీఏలను సమీక్షించేందుకు ఓ కమిటీ వేసింది. విండ్ కంపెనీలు అప్పటికే యూనిట్ రూ.4.84 చొప్పున 25 ఏళ్లకు సంతకాలు చేసి, ప్లాంట్లు నడిపిస్తున్నాయి. ఆ రేటు ఎవరో బేరమాడి పెట్టింది కాదు, రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి ఖరారు చేసిందే. దాన్ని రూ.2.43కు తగ్గించుకోవాలని, పాత బిల్లులకూ అదే రేటు వర్తిస్తుందని కంపెనీలకు లేఖలు వెళ్లాయి.

ఇంతకీ ఈ 2.43 ఎక్కడిది? 2017 డిసెంబరులో గుజరాత్‌లో జరిగిన వేలంలో వచ్చిన రేటు అది. అదే ఏడాది ఫిబ్రవరిలో దేశంలో మొదటి విండ్ వేలం జరిగితే రూ.3.46 పలికింది. అక్టోబరుకు రూ.2.64, డిసెంబరుకు 2.43. పది నెలల్లో ధర పాతాళానికి పోయింది. కొత్త ప్లాంటు కోసం కొత్త రేటుకు వేసిన బిడ్‌ను తీసుకొచ్చి, పాత ధరకు టర్బైన్లు కొని, పాత వడ్డీకి అప్పు తెచ్చిన ప్లాంటుకు అంటగట్టడమే గొడవకు మూలం.

ఒక మెగావాట్ లెక్క

ఇది చిన్న తేడానా, పెద్ద తేడానా? ఒక్క మెగావాట్ తీసుకుని చూద్దాం. ప్లాంటు ఏడాది పొడవునా ఫుల్ కెపాసిటీతో తిరగదు. సామర్థ్యంలో సగటున 23.5 శాతం వాడకం అనుకుంటే ఏడాదికి దాదాపు 20.6 లక్షల యూనిట్లు వస్తాయి. రూ.4.84 చొప్పున అది సుమారు కోటి రూపాయలు. రూ.2.43 అయితే 50 లక్షలు.

ఇప్పుడు ఖర్చు వైపు చూద్దాం. మెగావాట్‌కు ఆరున్నర కోట్లు పెట్టారనుకుందాం. అందులో 70 శాతం అప్పు, అంటే నాలుగున్నర కోట్లు. పది శాతం వడ్డీ వేసినా మొదటి ఏడాదికి 45 లక్షలు. మెయింటెనెన్స్‌కు ఓ పది లక్షలు. 50 లక్షల ఆదాయంలోంచి పది తీసేస్తే మిగిలేది 40. అసలు సంగతి తర్వాత, వడ్డీకే చాలదు! పాత రేటుకైతే వడ్డీ, అసలు కలిపి కట్టాక చేతిలో ఏదో కొద్దిగా మిగిలేది. కంపెనీలు కోట్లు మూటగట్టుకుంటున్నాయన్న మాట వినడానికి బాగుంటుంది కానీ, విండ్‌లో లాభమంతా అప్పు తీరాక వచ్చే ఏళ్లలోనే.

డిస్కంల వాదనను కొట్టిపారేయడానికీ లేదు. గాలి ఎక్కువగా వీచేది జూన్ నుంచి సెప్టెంబరు దాకా. ఏడాది ఉత్పత్తిలో సగానికి పైగా ఆ నాలుగు నెలల్లోనే వస్తుంది. సరిగ్గా అప్పుడే వర్షాలు పడి డిమాండ్ తగ్గుతుంది, జలవిద్యుత్ కూడా అందుబాటులోకి వస్తుంది. విండ్ కరెంటు తీసుకోవాలంటే థర్మల్ ప్లాంట్లను తగ్గించాలి. తగ్గించినా వాటికి ఫిక్స్‌డ్ చార్జీలు కట్టాల్సిందే. అంటే డిస్కంకు డబుల్ భారం. ఇది నిజమైన సమస్యే. అయితే దానికి మందు పాత సంతకం చెరిపేయడం మాత్రం కాదు.

కోర్టులో గెలిచారు.. కానీ

కేసు హైకోర్టుకు వెళ్లింది. 2019 సెప్టెంబరులో సింగిల్ జడ్జి, వివాదం తేలేదాకా మధ్యంతరంగా రూ.2.43 చొప్పున చెల్లించాలన్నారు. 2022 మార్చి 15న డివిజన్ బెంచ్ దాన్ని పక్కన పెట్టి, పీపీఏలో ఉన్న రేటే కట్టాలని, బకాయిలు ఆరు వారాల్లో తీర్చాలని తీర్పు ఇచ్చింది. ఈ రెండున్నరేళ్లలో పలు ప్రాజెక్టుల క్రెడిట్ రేటింగ్ పడిపోయింది. బ్యాంకు కిస్తీ మాత్రం తీర్పు కోసం ఆగదు కదా.

రాష్ట్రానికి తగిలిన దెబ్బ అంకెల్లోనే కనిపిస్తుంది. 2019లో ఏపీ విండ్ కెపాసిటీ దాదాపు 4,090 మెగావాట్లు. 2025 మార్చిలోనూ ఇంచుమించు అంతే. అదే సమయంలో గుజరాత్ 6 వేల నుంచి 12 వేల మెగావాట్లు దాటింది. దేశం మొత్తం 50 వేలు దాటింది. గాలి మాత్రం రాయలసీమ కొండల మీద ఎప్పటిలాగే వీస్తోంది!

ఇప్పుడు ప్లాన్ ఎలా మారింది?

ఈ అనుభవం తర్వాత ఒక్క రాష్ట్ర డిస్కం మీదే ఆధారపడే మోడల్‌ను పెద్ద కంపెనీలు దాదాపు వదిలేశాయి. కేంద్ర సంస్థ సెకీ వేలంలో పాల్గొని ఆ సంస్థకే అమ్మడం ఒక దారి. ఫ్యాక్టరీలు, డేటా సెంటర్ల వంటి పెద్ద వినియోగదారులకు నేరుగా అమ్మడం ఇంకోటి. మూడోది హైబ్రిడ్. పగలు సోలార్, సాయంత్రం, రాత్రి విండ్, పీక్ టైమ్‌కు స్టోరేజ్. నంద్యాల జిల్లా పిన్నాపురంలో గ్రీన్‌కో పంప్డ్ స్టోరేజ్‌ను సోలార్, విండ్‌తో కలిపి తలపెట్టింది ఈ లెక్కతోనే. డిస్కంకు కావాల్సిన టైమ్‌లో కరెంటు ఇస్తే, 'మాకు అక్కర్లేని వేళ వస్తోంది' అనే మాటకు చోటుండదు.

చెల్లింపుల భయం కూడా కొంత తగ్గింది. 2022 జూన్‌లో కేంద్రం లేట్ పేమెంట్ సర్‌చార్జ్ రూల్స్ తెచ్చింది. పాత బాకీలను గరిష్ఠంగా 48 వాయిదాల్లో కట్టుకోవచ్చు. కట్టకపోతే డిస్కంకు మార్కెట్లో కరెంటు కొనే అవకాశం బంద్ అవుతుంది.

గాలి అంచనాలోనూ బ్యాంకులు బిగించాయి. కంపెనీ సగటు ఉత్పత్తి చూపిస్తే ఒప్పుకోవు. పదేళ్లలో తొమ్మిదేళ్లు కచ్చితంగా వచ్చే ఉత్పత్తి ఎంతో దాన్నిబట్టే అప్పు. గాలి వేగం పది శాతం తగ్గితే అందులోని శక్తి 27 శాతం పడిపోతుంది. అందుకే ఏడాది పాటు మాస్ట్ పెట్టి కొలిచిన డేటా లేకుండా ఫైల్ కదలడం కష్టం.

అయితే కొత్త చిక్కు ట్రాన్స్‌మిషన్ రూపంలో వచ్చింది. వేరే రాష్ట్రానికి కరెంటు పంపే విండ్ ప్రాజెక్టులకు ఉన్న పూర్తి చార్జీల మినహాయింపు 2025 జూన్ 30తో ముగిసింది. ఆ తర్వాతి మొదటి ఏడాదిలో మొదలయ్యే ప్రాజెక్టులు 25 శాతం, తర్వాతి ఏళ్లలో మొదలయ్యేవి 50, 75.. చివరికి మొత్తం కట్టాలి. ప్లాంటు దగ్గరే పెట్టే బ్యాటరీలకు మాత్రం 2028 జూన్ దాకా వెసులుబాటు ఉంది. మరోవైపు వేలంలో గెలిచినా కొనేందుకు డిస్కంలు సంతకం పెట్టని ప్రాజెక్టులు 2025లో దేశంలో 40 గిగావాట్లకు పైగా పేరుకుపోయాయి. సీమలో కొత్తగా టర్బైన్ ఎత్తే ప్రతి కంపెనీ ఈ రెండు లెక్కలూ టారిఫ్‌లో కలుపుకుని బిడ్ వేయాల్సిందే. ఆ బిడ్‌లో మళ్లీ 2.43 లాంటి రేటు కనిపించే అవకాశం దాదాపు లేదు.