బడిలో తెలుగు తగ్గితే యూనివర్సిటీలో శాఖ నిలుస్తుందా?

తమిళనాట తెలుగు చదువుల గురించి మాట వస్తే మనం బడి దగ్గరే ఆగిపోతున్నాం. ఆ సమస్య యూనివర్సిటీ దాకా వెళ్తుంది.

2006 నాటి చట్టంతో ఒకటో తరగతి నుంచి తమిళం తప్పనిసరి అయింది. ఏడాదికో తరగతి చొప్పున 2015-16కు పదో తరగతికి చేరింది. తెలుగు ఐచ్ఛికంగా మిగిలింది. బడిలో తెలుగు చదవని పిల్లలు డిగ్రీలో పార్ట్-1 భాషగా దాన్ని ఎంచుకోవడం అరుదు. అక్కడ తగ్గితే ఎం.ఏ.కు, పరిశోధనకు విద్యార్థులు దొరకరు. పిల్లలు లేరని చెప్పి, రిటైరైన ఆచార్యుల ఖాళీలను నింపకుండా వదిలేయడం అప్పుడు సులువవుతుంది.

నష్టం ఉద్యోగాలకే పరిమితం కాదు. మద్రాసు విశ్వవిద్యాలయ తెలుగు శాఖలో పనిచేసిన నిడదవోలు వెంకటరావు గారు ‘దక్షిణదేశీయాంధ్ర వాఙ్మయము’ రాసి, తంజావూరు, మధుర తెలుగు సాహిత్య చరిత్రను మనకు అందించారు. తంజావూరు సరస్వతీ మహల్‌లో తెలుగు తాళపత్రాలు నేటికీ ఉన్నాయి. తమిళమూ తెలుగూ రెండూ వచ్చిన మన పిల్లలకు ఆ పని బాగా అమరుతుంది. చదివేవారే లేకపోతే అవి బీరువాల్లోనే ఉండిపోతాయి.

తెలుగు శాఖల్లో చదివిన పూర్వ విద్యార్థులు సన్మాన సభలతో సరిపెట్టుకోకూడదు. కాలేజీ ప్రవేశాల వేళ తమ ఊరి పిల్లలను కలిసి పార్ట్-1 తెలుగు గురించి చెప్పాలి. తగినంత మంది పేర్లతో ప్రిన్సిపాల్‌కు అర్జీ ఇవ్వాలి. ఎం.ఏ. చదివే ఒక్కరికైనా ఫీజు కట్టాలి. తరగతి నిండితేనే ఖాళీ భర్తీ చేయమని గట్టిగా అడగగలం.