మన వాద్యం స్వాగతానికేనా?

పోస్టు కొంచెం పొడుగుంది, ఓపికగా చదవండి.

సంగారెడ్డి హాస్టల్లో ఉండి చదువుకునే మాలో తండాల నుంచి వచ్చినోళ్ళం ఉన్నాం, ఆదిలాబాద్ గూడేల నుంచి వచ్చినోళ్ళం ఉన్నాం. చాలామంది ఇండ్లల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. కాలేజీలో ఏ ఫంక్షన్ అయినా మమ్మల్ని తప్పకుండా పిలుస్తరు. ఎందుకంటే ముఖ్య అతిథి కారు దిగంగనే డోళ్ళు కొట్టి, ఆడుకుంటూ స్టేజీ దాకా తీస్కపోవాలె. ఆయన కుర్చీలో కూసున్నాక మా పని అయిపోయినట్టే. ఆ పాటలో ఏముందని ఇంతవరకు ఒక్కరూ అడగలే. మన వాద్యం స్వాగతానికి తప్ప ఇంక దేనికీ పనికిరాదా?

అమెరికాలో నల్లజాతి వాళ్ళ జాజ్ సంగీతానిదీ ఒకప్పుడు ఇదే కథ. తెల్లవాళ్ళు తాగుకుంటూ తినుకుంటూ వినేటోళ్ళు. వాయించేది నల్లవాళ్ళే, కానీ కొన్ని క్లబ్బుల్లో వాళ్ళ జాతివాళ్ళు కూర్చొని వినడానికి లోపలికి రానిచ్చేటోళ్ళు కాదు. ఆ సంగీతంతోనే వాళ్ళు ఏం చేసిన్రో చూడండి.

1957లో లిటిల్ రాక్ అనే ఊర్లో తొమ్మిది మంది నల్లజాతి పిల్లలు తెల్లవాళ్ళ హైస్కూల్లో చేరడానికి పోతే, గవర్నర్ ఆర్వల్ ఫాబస్ సైనికులను పెట్టి ఆపించిండు. చార్లెస్ మింగస్ అనే సంగీతకారుడు ఆ గవర్నర్ పేరు మీదనే, ఆయన్ని ఎగతాళి చేస్తూ బాణీ కట్టిండు. 1959లో పెద్ద రికార్డు కంపెనీ నుంచి అది మాటలు లేకుండా వచ్చింది. మరుసటి ఏడు చిన్న కంపెనీ దగ్గర మాటలతో సహా మళ్ళీ రికార్డు చేసిండు.

1963 సెప్టెంబర్ 15, ఆదివారం. అలబామా రాష్ట్రం బర్మింగ్‌హామ్‌లో నల్లవాళ్ళ చర్చికి బాంబు పెట్టిన్రు. నలుగురు ఆడపిల్లలు చనిపోయిన్రు. ముగ్గురికి 14 ఏండ్లు, ఒక పాపకు 11. అదే ఏడు నవంబర్ 18న జాన్ కోల్ట్రేన్ సాక్సఫోన్ మీద ఒక బాణీ రికార్డు చేసిండు. అందులో ఒక్క మాట లేదు. పేరు మాత్రం 'అలబామా'. సాక్సఫోన్ ఆగి ఆగి పలుకుతుంటే పీనుగు పక్కన కూసున్న ముసలవ్వ రాగం తీసినట్టే ఉంటది. యూట్యూబ్‌ల వినండి, ఐదు నిమిషాలే.

ఇప్పుడు లెక్క చూడండి. బాణీ రెండు నెలల్లో వచ్చింది. దర్యాప్తు సంస్థ 1968లో ఫైలు మూసేసింది. మొదటి దోషికి శిక్ష పడింది 1977లో, చివరి దోషికి 2002లో. ఫైలు మూసినా బాణీ మూతపడలే.

మన దగ్గరికి వద్దాం. 1981 ఏప్రిల్ 20, ఇంద్రవెల్లి. భూమి కోసం గిరిజన రైతు కూలీ సంఘం సభ పెట్టుకుంటే, సర్కారు అనుమతి రద్దు చేసింది. తరలివచ్చిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపిన్రు. సర్కారు లెక్క 13 మంది. చనిపోయినోళ్ళు అంతకంటే చాలా ఎక్కువని హక్కుల సంఘాలు అన్నయ్. స్తూపానికి దండం పెట్టుకోవడానికి కూడా ఏండ్ల తరబడి ఆంక్షలే.

మాటల పాట మనకు కొత్త కాదు. మన ఉమ్మడి మెదక్ జిల్లా తూప్రాన్‌లో పుట్టిన గద్దర్, 1985 కారంచేడు హత్యాకాండ మీద పాట కట్టిండు. కానీ మాటకు కేసు పెట్టొచ్చు, దరువుకు ఏ సెక్షన్ పెడతరు? మనకు తుడుం ఉంది, పెప్రె ఉంది, నగారా ఉంది. ప్రధానుల కిక్రి తరతరాలుగా గోండుల చరిత్ర మోస్తున్నది. లంబాడీ పెండ్లిలో పిల్ల ఢావ్లో పాడితే ఏడుపే పాటైతది. దుఃఖాన్ని రాగం చేయడం మనకు ఎవరూ నేర్పక్కర్లేదు.

"పాటతో పట్టా వస్తదా, ముందు చదువుకోండి" అని పెద్దలు అంటరు. రాదు. పట్టాకు దరఖాస్తు పెట్టాలె, కోర్టుకు పోవాలె, దానికి చదువు కావాలె. కానీ పోరాటం నలభై ఏండ్లు నడిస్తే, మొదటి రోజు ఏం జరిగిందో మూడో తరానికి ఎవరు చెప్తరు? మా హాస్టల్లోనే ఇంద్రవెల్లి పేరు వినని తమ్ముళ్ళు ఎంతమంది ఉన్నరో!

రిజర్వేషన్ల మీద మన మధ్య పంచాయితీ ఉంది, అందరికీ తెలుసు. దాన్ని దీంట్లకు తేవద్దు. ఇంద్రవెల్లి గోండులదే కదా అని తండా పిల్లలం అనుకోవద్దు. అట్లనే మన పక్క పాశమైలారంలో 2025 జూన్ 30న మందుల ఫ్యాక్టరీ పేలి 40 మందికి పైగా చనిపోయిన్రు. వాళ్ళల్ల చాలామంది బతుకుదెరువుకు వేరే రాష్ట్రాల నుంచి వచ్చినోళ్ళు. వాళ్ళు మనోళ్ళు కాదని ఊరుకుంటే, రేపు మన కోసం ఎవరు కొడతరు?

మేము అనుకున్నది ఇది. ఆట మానొద్దు, స్వాగతం కూడా మానొద్దు. కానీ ఇకనుంచి ఏ స్టేజీకి పిలిచినా స్వాగతం దరువుతోపాటు మన దరువు ఒకటి కొడతాం. కొట్టేముందు మైకులో పేరు మాత్రం చెప్తాం: 'ఇంద్రవెల్లి'. ఇంకొకటి తయారైతే దాని పేరు 'పాశమైలారం'. అట్లైతే పిలవమంటే పిలవకపోనీ.

మీ ఇండ్లల్లో కిక్రి, తుడుం, నగారా వాయించే తాతలు ఉంటే ఫోన్‌లో రికార్డు చేసి గ్రూపులో పెట్టండి. ఏప్రిల్ 20కి దరువు సిద్ధం చేసుకుందాం.