ముత్తవ్వ పేరేమి?

గడచిన మాసం తరగతిలో ఒక ప్రశ్న వేశాను: "మీ ముత్తాత పేరు చెప్పగలరా?" నలుబది మందిలో ఏడుగురు లేచి నిలబడ్డారు. ముత్తవ్వ పేరడిగితే ఆ ఏడుగురూ కూర్చున్నారు.

అమెరికాను నిన్నమొన్న పుట్టిన దేశమని తేలికగా అంటాము. కాని అక్కడి సామాన్య రైతు వంశీకుడు సైతం 1850లో తన పూర్వికుని ఇంట ఎందరున్నారో, ఎవరి వయసెంతో, ఎక్కడ పుట్టారో చదువుకోగలడు. 1790 నుండి పదేండ్లకొకసారి జనాభా లెక్కలు తీసినా మొదట ఇంటి యజమాని పేరే వ్రాసేవారు. 1850లో స్వతంత్రులైన ప్రతివారి పేరూ వ్రాశారు. డెబ్బది రెండేండ్లు గడిచాక ఆ పట్టికలను ప్రజలకు తెరుస్తారు. 1950 నాటివి 2022లో తెరిచారు. 1890 నాటివి 1921 అగ్నిప్రమాదం మూలాన దాదాపు నశించాయి. అక్కడ జాడ తప్పినవారు వీలునామాలు, సమాధి శిలలు, సైనిక పింఛను కాగితాలు వెదకుతారు.

అయితే "స్వతంత్రులైన" అన్న మాటను విద్యార్థులు దాటిపోరాదు. 1850లోనూ 1860లోనూ బానిసల పట్టికలు వేరు. యజమాని పేరు క్రింద వయసు, ఆడ మగ, రంగు. పేరు సాధారణంగా ఉండదు. ఆ నల్లవారి సంతతి చేసే అన్వేషణ 1870 పట్టికను దాటి వెనుకకు పోవడం బహు కష్టం. మహావక్త ఫ్రెడరిక్ డగ్లస్‌కు తాను పుట్టిన తేదీయే తెలియదు.

ఈ దారులలో ఒకటి మన గడ్డకూ వస్తుంది. 1764లో మసాచుసెట్స్‌లో పుట్టిన జాన్ పార్కర్ బాయిడ్ నిజాం కొలువులో సేనను నడిపాడు. స్వదేశానికి మరలి 1811లో టిప్పికనూ యుద్ధంలో పాల్గొని, 1830లో బోస్టన్‌లో మరణించాడు. అతని యౌవనాన్ని వెదకేవారు హైదరాబాదు వైపు చూడక తప్పదు.

మరి మన యౌవనాలు, మన వృద్ధాప్యాలు? అవి ఇంటి పెట్టెలలో ఉన్నాయి. కేసముద్రంలో మా రేకు పెట్టె అడుగున చెదలు సగం తిన్న నికాహ్‌నామా ఒకటి దొరికింది. హిజ్రీ 1312, అనగా 1894-95. మా తాతగారి దాదీది. ఇంట్లో అందరికీ ఆమె 'బడీ దాదీ'యే, పేరెవరికీ తెలియదు. మహర్ సొమ్ము ఇన్ని హాలీ రూపాయలని వ్రాయవలసి వచ్చినందున ఆమె పేరూ, ఆమె తండ్రి పేరూ కాగితానికెక్కాయి. మా అన్నగారి కూతురికి ఆ పేరే పెట్టుకున్నాము. తెలుగు ఎం.ఏ. చదివిన నేను ఆ గొలుసుకట్టు వ్రాత చదవలేక ఉర్దూ శాఖ మిత్రుని ఆశ్రయించాను. సిగ్గుపడవలసిన విషయమే.

నిజాం సర్కారు వ్యవహారం 1880ల వరకు ఫార్సీలో, ఆ పిదప 1948 దాకా ఉర్దూలో నడిచింది. కనుక కాపు ఇంటి భూమి కాగితమైనా ఉర్దూలో ఉండవచ్చు. అతని మనుమడికి ఆ లిపి రాదు. లిపి వచ్చిన మన విద్యార్థికి తెలుగు ఇంటిపేర్లు, ఊరిపేర్లు తెలియకుంటే తప్పు చదువుతాడు. (ఫస్లీ సంవత్సరానికి 590 కలపాలన్న సంగతైనా ఎందరికి తెలుసు?) రెండు భాషలూ ఒకే కప్పు క్రింద చెప్పే కళాశాల చేయక ఈ పని ఎవరు చేస్తారు?

కమిటీ పెద్దలకు మనవి: గ్రంథాలయంలో ఒక బీరువా, ఒక రిజిస్టరు ఇప్పించండి. వేసవి సెలవులలో ప్రతి విద్యార్థి ఒక్క పాత కాగితం ఫోటో, దాని తెలుగు తాత్పర్యం తేవాలి. భూమి తగాదాలు లేస్తాయని కొందరు భయపడుతున్నారు. ఆ భయం న్యాయమైనదే. అసలు కాగితం ఇంటనే ఉండాలి, ఇంటివారి అనుమతి లేనిదే నకలు ఎవరికీ చూపరాదు. మొదటి నంబరు వేయడానికి మా బడీ దాదీ నికాహ్‌నామా నకలు సిద్ధంగా ఉంచాను.