రాజోలు ఓటు ఎటు పోయింది?

పూతరేకుల ఊరిగా పేరున్న ఆత్రేయపురం కొత్తపేట శాసనసభ స్థానంలోను, అమలాపురం లోక్‌సభ స్థానంలోను భాగం. 2024 మే 13న అక్కడి ప్రజలను లోక్‌సభకు ఓటడిగిన అభ్యర్థుల్లో రాపాక వరప్రసాదరావు ఒకరు. ఆ రోజు ఆయన గుర్తు వైఎస్సార్ కాంగ్రెస్‌ది. ఐదేళ్ళ కిందట ఇదే కోనసీమలోని రాజోలులో ఆయన గెలిచింది జనసేన గుర్తుపై. అంతకు పదేళ్ళ ముందు, 2009లో, అదే రాజోలు నుంచి శాసనసభకు వెళ్ళింది కాంగ్రెస్ సభ్యుడిగా.

2019 ఫలితాన్ని కొంచెం ఆగి చూడాలి. జనసేన అధినేత పవన్ కల్యాణ్ గాజువాకలోను, భీమవరంలోను కూడా ఓడిపోయారు. రాష్ట్రం మొత్తం మీద ఆ పార్టీకి దక్కింది రాజోలు ఒక్కటే. అదీ వైకాపా అభ్యర్థిపై 814 ఓట్ల తేడాతో. ఒక పోలింగ్ కేంద్రంలోని ఓటర్ల కంటే పెద్ద సంఖ్య కాదది. ఊరికి పదీ ఇరవై ఇళ్ళుగా బతికే మన కుటుంబాలకు, పల్లె చివరి దళితవాడకు, ఇలాంటి పోటీలోనే తమ ఓటుకు విలువ ఉందని తెలుస్తుంది. కూలి మానుకొని వరుసలో నిలబడిన ప్రతి మనిషీ ఆ గెలుపులో తనకూ వాటా ఉందని అనుకోవడానికి హక్కుంది.

ఆ వాటా ఎన్నాళ్ళు నిలిచింది? ఏడాది తిరగకముందే ఆయన ముఖ్యమంత్రి జగన్ చిత్రపటానికి పాలాభిషేకం చేశారు. 2020 జనవరిలో మూడు రాజధానుల బిల్లు సభకు వచ్చినప్పుడు, సొంత పార్టీ వ్యతిరేకించిన ఆ బిల్లును సమర్థించారు. ఆ తర్వాత ఆయన ఏ పక్షమో రాజోలులో ఎవరూ అడగనక్కరలేకపోయింది. శాసనసభ రికార్డుల్లో మాత్రం ఆయన జనసేన సభ్యుడే.

2024 ఎన్నికలు వచ్చేసరికి రాజోలులో వైకాపా టికెట్ గొల్లపల్లి సూర్యారావుకు వెళ్ళింది. 2014లో అక్కడ తెలుగుదేశం తరఫున గెలిచి, ఎన్నికల ముంగిట వైకాపాలోకి వచ్చిన నాయకుడాయన. నిన్న వచ్చినవారికి మొన్న వచ్చినవారు చోటు ఖాళీ చేయాల్సి వచ్చింది. రాపాకను అమలాపురం లోక్‌సభకు నిలబెట్టారు. తెదేపా అభ్యర్థి గంటి హరీష్ మాధుర్ చేతిలో 3 లక్షలకు పైగా ఓట్ల తేడాతో ఓడిపోయారు. రాజోలును జనసేన మళ్ళీ గెలుచుకుంది, మరో అభ్యర్థితో. కొన్ని నెలలకే ఆయన వైకాపాకూ దూరమయ్యారు. 814 ఓట్లతో మొదలైన ప్రయాణం ఐదేళ్ళలో ఇక్కడికి చేరింది.

రాపాక దళిత నాయకుడు, రిజర్వుడు స్థానాల్లో పోటీ చేసినవారు. పార్టీ మారినవారందరిలో ఆయన్ని మాత్రమే వేలెత్తి చూపితే అది మరో అన్యాయం. ఫిరాయింపు అందరికీ ఒకే ధర కట్టదన్నది మేము ఇక్కడ చెప్పదలచిన సంగతి. 2014లో వైకాపా గుర్తుపై గెలిచి తెదేపాలో చేరిన 23 మంది శాసనసభ్యుల్లో ఉమ్మడి తూర్పు గోదావరి నుంచి జ్యోతుల నెహ్రూ, వరుపుల సుబ్బారావు, వంతల రాజేశ్వరి ఉన్నారు. నెహ్రూ అంతకు ముందే తెదేపా, ప్రజారాజ్యం చూసివచ్చినవారు. 2019లో జగ్గంపేటలో ఓడినా 2024లో అక్కడే గెలిచి సభకు తిరిగివచ్చారు. రంపచోడవరం గిరిజన స్థానం నుంచి వచ్చిన రాజేశ్వరి 2019లో ఓడిపోయారు. 2024లో తెదేపా ఆ టికెట్ మరొకరికి ఇచ్చింది. పెద్ద కులాల వారికీ అప్పుడప్పుడు ఈ దెబ్బ తగులుతుంది. ఉదయగిరిలో మేకపాటి చంద్రశేఖరరెడ్డికి తగిలింది. కానీ సొంత ధనం, బలగం ఉన్నవారికి తలుపు రెండోసారి తెరుచుకున్నంత తేలికగా మిగతావారికి తెరుచుకోదు.

మన సముదాయం సంగతే చూడండి. 2014లో 175 మంది ఉన్న శాసనసభకు ఎన్నికైన ముస్లింలు నలుగురు. నలుగురూ వైకాపావారే. వారిలో విజయవాడ పశ్చిమ సభ్యుడు జలీల్ ఖాన్, కదిరి సభ్యుడు అత్తార్ చాంద్ బాషా 2016లో తెదేపాలో చేరారు. జలీల్ ఖాన్ ఆ ఎన్నికలో ఓడించింది ఎవరిని? తెదేపాతో పొత్తులో భాజపా తరఫున నిలిచిన వెల్లంపల్లి శ్రీనివాస్‌ను. అంటే ఏ కూటమి వద్దని ఓటర్లు ఆయన్ని గెలిపించారో, భాజపా అందులో ఉండగానే ఆయన ఆ కూటమిలోకి వెళ్ళారు. తర్వాత వెల్లంపల్లి వైకాపాలోకి వచ్చారు. 2019లో తెదేపా అభ్యర్థిగా నిలిచిన జలీల్ ఖాన్ కుమార్తె షబానా ఖాతూన్ ఆయన చేతిలోనే ఓడిపోయారు. మనుషులు వాళ్ళే, జెండాలు తారుమారు. 2024లో ఆ స్థానాన్ని కూటమి భాజపాకు ఇచ్చింది. అక్కడ గెలిచిన సుజనా చౌదరి కూడా 2019 జూన్‌లో తెదేపా రాజ్యసభ సభ్యుడిగా ఉంటూ భాజపాలోకి మారినవారే. ఆయన చేతిలో ఓడింది వైకాపాకు చెందిన షేక్ ఆసిఫ్.

వెళ్ళిన ఇద్దరి వల్ల సముదాయానికి ఏం ఒరిగింది? 2017 ఏప్రిల్‌లో వైకాపా నుంచి వచ్చినవారిలో నలుగురిని మంత్రులను చేశారు. ఆ నలుగురిలో ముస్లిం లేరు. 2018 నవంబరులో ఎన్.ఎం.డి. ఫరూక్ ప్రమాణం చేసేదాకా, నాలుగేళ్ళకు పైగా, రాష్ట్ర మంత్రివర్గంలో ఒక్క ముస్లిం కూడా లేడు. జలీల్ ఖాన్‌కు వక్ఫ్ బోర్డు అధ్యక్ష పదవి దక్కింది, నిజమే. చాంద్ బాషా స్థానంలో 2019లో తెదేపా మరొకరిని నిలబెట్టింది. గోడ దూకినందుకు వారికి వచ్చింది కొద్ది, మనకు పోయింది సభలో ప్రతిపక్షంగా నిలదీయగల రెండు గొంతులు.

23 మందిని లాక్కున్న పార్టీకి 2019లో సరిగ్గా 23 సీట్లే వచ్చాయని చాలామంది ముచ్చటగా చెప్పుకుంటారు. వినడానికి బాగానే ఉంటుంది. ఆ 23 నియోజకవర్గాల ఓటర్లకు పోయిన ఏళ్ళను ఆ లెక్క తిరిగి ఇవ్వలేదు.

చట్టం లేక కాదు. 1985లో రాజ్యాంగంలో పదో షెడ్యూలు చేర్చారు. 2003లో దాన్ని ఇంకా బిగించారు. రాజీనామా పత్రం ఇవ్వకపోయినా, నడవడికను బట్టే పార్టీని వదులుకున్నట్టు భావించవచ్చని సుప్రీంకోర్టు 1994లోనే తేల్చింది. అనర్హత నిర్ణయం మాత్రం స్పీకర్ చేతిలో ఉంది, దానికి గడువు లేదు. స్పీకర్ సాధారణంగా పాలకపక్షం మనిషి. 2014–19 సభలో ఆ 23 మందిలో ఒక్కరిపైనా వేటు పడలేదు. తర్వాతి సభలో తెదేపా నుంచి, వైకాపా నుంచి నలుగురేసి చొప్పున ఎనిమిది మందిపై వేటు పడింది 2024 ఫిబ్రవరి చివరలో. అప్పటికి ఎన్నికల షెడ్యూలుకు మిగిలింది వారాలే. ఆ ఎనిమిది మందిలో రాపాక లేరు.

మూడు నెలల్లో తేల్చడం సమంజసమని సుప్రీంకోర్టు 2020లో మణిపూర్ కేసులో చెప్పింది. తెలంగాణలో భారాస నుంచి వెళ్ళిన పది మంది విషయంలో 2025 జూలై 31న స్పీకర్‌కు అదే గడువు పెట్టింది. ప్రతిసారీ కోర్టు మెట్లెక్కితే తప్ప గడువు రాని ఈ పద్ధతిని చట్టసభే సరిదిద్దాలి. మూడు నెలల గడువును పదో షెడ్యూలులోనే రాయాలి. నిర్ణయాధికారాన్ని స్పీకర్ నుంచి తప్పించి స్వతంత్ర ట్రిబ్యునల్‌కు ఇవ్వాలి.

ఆత్రేయపురం, కొత్తపేట, రాజోలు ప్రాంతాల్లోని మన కార్యకర్తలకు మా సూచన ఒకటి. అక్కడి దళిత, గిరిజన సంఘాలను కలుపుకొని, ఈ రెండు మార్పులు కోరుతూ ఒక వినతిపత్రం రాయండి. దాన్ని అమలాపురం ఎంపీ హరీష్ మాధుర్‌కు స్వయంగా అందించండి. ఆయన తండ్రి బాలయోగి 1998 నుంచి 2002 వరకు లోక్‌సభ స్పీకర్‌గా ఉన్నారు. స్పీకర్ కుర్చీకి ఎంత అధికారం ఉండాలన్న ప్రశ్నను పార్లమెంటులో లేవనెత్తమని అడగడానికి ఆయన తగిన మనిషి. ఆయన ఇచ్చే జవాబును మాకు పంపితే ఈ పత్రికలోనే ప్రచురిస్తాం.