హాజరుపట్టీయు, ఫ్లూ జ్వరమును

కర్మాగారమున విషవాయువు వెలువడినచో ఎవ్వరు ఏ దిక్కునకు పోవలెనో, ఎవ్వరు ఎవ్వరికి కబురందింపవలెనో ముందుగనే నిర్ణయించి, ప్రమాదమేమియు లేని దినములలోనే కార్మికులచేత అభ్యాసము చేయించుట విశాఖ ఉక్కునగరమునకు క్రొత్త విషయము కాదు. అట్టి ఊరిలోనైనను, ఫ్లూ మహమ్మారి వచ్చిననాడు పాఠశాల ఏమి చేయవలెనని అడిగినచో పదిమందికిని తోచు సమాధానము ఒక్కటే: సెలవిచ్చి గేటుకు తాళము వేయుట. తాళము వేయక తప్పని దినములును ఉండవచ్చును. కాని అది సంసిద్ధత యనిపించుకొనదు.

2009లో స్వైన్‌ఫ్లూ లోకమును చుట్టివచ్చినపుడు మన దేశమున తొలి కేసు బయటపడినది మే నెలలో, మన హైదరాబాదులోనే, విదేశమునుండి వచ్చిన యొక విమాన ప్రయాణికునియందు. జూన్ 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ దానిని మహమ్మారిగా ప్రకటించెను. ఆగస్టు మొదటి వారమున పుణెలో 14 ఏండ్ల విద్యార్థిని మరణించినది. ఈ దేశమున ఆ వ్యాధికి తొలి బలి బడికి పోవు పిల్లయే. ఆ వార్తతో పుణె, ముంబయి నగరములలో బడులు మూతపడినవి. ఆ కలవరము నడుమ కేంద్ర ఆరోగ్యశాఖ విద్యాసంస్థలకు చేసిన సూచనలలో నాకు మిక్కిలి విలువైనదిగా తోచినది ఇది: ఫ్లూ లక్షణములున్న పిల్లలు ఏడు మొదలు పది దినములవరకు ఇంటనే యుండవలెననియు, తిరిగివచ్చినపుడు డాక్టరు సర్టిఫికెట్టు తెమ్మని బడివారు పట్టుపట్టరాదనియు. గేటుకడ నుదుటికి గురిపెట్టు ఉష్ణమాపకములన్నిటికంటె ఈ యొక్క వాక్యమే ఎక్కువ పని చేయగలదని నా నమ్మకము. ఏలయన, జ్వరము తెలియుటకు ఒక దినము ముందునుండియే ఫ్లూ ఇతరులకు అంటుకొనగలదు గాన మాపకము కొందరినే పట్టగలదు. సర్టిఫికెట్టు కొరకు ఆసుపత్రి వరుసలో నిలిచిన పిల్లవాడో, అక్కడ మరి పదిమందికి అంటించివచ్చును.

కాని మన బడులలో జరుగునదేమి? ఏడాది పొడుగున ఒక్కనాడును మానని విద్యార్థికి వార్షికోత్సవమున వేదికమీద బహుమతి నిత్తుము. బోర్డు పరీక్షకు 75 శాతము హాజరుండవలెనను సీబీఎస్ఈ నియమమును, వైద్య కారణములకు సడలింపున్నదన్న మాట మరచి, బెదిరింపుగా వాడుదుము. ఉదయము ఏడున్నరకు కూర్మన్నపాలెం కూడలిలో నిలిచి చూడుడు: డ్రైవరుకు ఇరుప్రక్కల ఇద్దరిద్దరు, వెనుక ఒకరి ఒడిలో ఒకరు, బయట కొక్కెములకు వ్రేలాడు పుస్తకముల సంచులు, ఆ ఆటోలో ప్రక్కవాని భుజముమీద తల వాల్చి కన్నులు మూసికొన్న పిల్లవాడొకడు కానవచ్చును. వానికి తెల్లవారుజామున తల్లి పారాసెటమాల్ సిరప్ పట్టించియుండును. మూడవ పీరియడుకు మందు బలము తగ్గును, వణకు మొదలగును. ఆ తల్లిని నిందించుట తేలిక. భర్త ఏ-షిఫ్టుకు పోయెను, ఆమెకు పనికి పోకున్న ఆనాటి కూలి పోవును. టౌన్‌షిప్పు క్వార్టర్సులోని ఉద్యోగికి సెలవును, కంపెనీ ఆసుపత్రియు ఉన్నట్లు అగనంపూడిలోని కాంట్రాక్టు కార్మికునికి లేవు గదా!

1918 నాటి ఫ్లూ మహమ్మారిలో అమెరికా నగరములు పెక్కు బడులను మూసివేయగా, న్యూయార్కు నగర ఆరోగ్యాధికారి కోప్లాండు మాత్రము తెరచియుంచెను. గాలి వెలుతురు లేని ఇరుకు ఇండ్లలో కంటె తరగతి గదిలోనే పిల్లలను కనిపెట్టి చూచువారుందురని ఆయన వాదము. ఉపాధ్యాయులు ఉదయముననే ప్రతి పిల్లవానిని పరికించుటయు, జబ్బుపడినవానిని ఇంటికి పంపుటయు నియమమాయెను. ఆయన చేసినది ఒప్పా తప్పా యని నేటికిని తర్కింపవచ్చును. నాకు ముఖ్యమైనది వేరు. ఆ నగరమున 1902 నుండియే బడులలో నర్సులుండిరి. వారిని మహమ్మారి కొరకు నియమింపలేదు; గజ్జికిని, కంటి కలకకును నియమించిరి.

2021 ఏప్రిల్‌లో మన ఉక్కు కర్మాగారమునుండి ఆక్సిజన్ ట్యాంకర్ల రైలు మహారాష్ట్రకు బయలుదేరినపుడును జరిగినది ఇదియే. ఆ ప్రాణవాయువును కరోనాకై తయారుచేయలేదు. ఉక్కు తయారీకి దినదినము కావలసియుండుటచేతనే అది ఆనాడు చేతికందినది. నిత్యము వాడుకలోనున్నదే ఆపదలో అక్కరకు వచ్చును. బడిలో నిత్యము వాడుకలోనున్న సాధనమేది? హాజరుపట్టీ! రోజుకు ఇద్దరు ముగ్గురు మానుచుండు తరగతిలో ఒక సోమవారమున ఎనమండుగురు రానిచో, ఆ సంగతి ఆసుపత్రికంటె ముందు తెలియునది క్లాసు టీచరుకే. ఆ లెక్కను నాటి మధ్యాహ్నమే ప్రధానోపాధ్యాయునికిని, అచ్చటినుండి ఆరోగ్యాధికారికిని పంపు అలవాటు వానకాలమునకు ముందే ఏర్పడవలెను. తరగతినో, వారమునో ఎంచి మూయుటకు అప్పుడు వీలగును. 2020 మార్చిలో మూతపడి నవంబరు 2 వరకు తెరువని మన బడుల వేదన మరల రాకుండుటకు మార్గము అదియే. ఇంటికొక్కటే ఫోను, అదియు షిఫ్టుకు పోయిన తండ్రి జేబులోనుండగా, ఆన్‌లైను పాఠమెవ్వరు వినిరి?

జూన్‌లో బడి తెరచినపుడు తల్లిదండ్రుల సమావేశమున చెప్పవలసిన మాట చిన్నది: ‘‘జ్వరముంటే పంపొద్దమ్మా. మందు వేయకుండా ఒక రోజు జ్వరం లేకపోతే అప్పుడు పంపండి. కాగితం అడగం, పోయిన పాఠం మేమే మళ్ళీ చెప్తాం.’’ బడి మధ్యలో జ్వరము వచ్చిన పిల్లను పడుకొనబెట్టుటకు కిటికీలున్న గది, కుళాయివద్ద సబ్బు, ఆయాకు మాస్కు కావలెను. ఇవి పెద్ద ఖర్చులు కావు. ఇక నూరుశాతము హాజరు బహుమతిని ఈ యేడే మానివేయవలెను.

జ్వరమని చెప్పి మానువారు పెరుగుదురని కొందరు మాస్టర్లు అందురు. పెరుగుదురు, కొద్దిమంది, వారెవ్వరో పదిదినములలో ప్రతి మాస్టరుకును తెలియును. చిక్కంతయు వారితో కాదు, నిజముగా జ్వరము వచ్చిన పిల్లవానికడ ఎవ్వరు కూర్చుందురన్నదానితో. కాంట్రాక్టు కార్మికురాలికి ఆ రెండు మూడు దినములు కూలితో కూడిన సెలవు దొరకనంతవరకు బడి ఎన్ని మాటలు చెప్పినను ఆమె సిరప్ పట్టించి ఆటో ఎక్కించుచునే యుండును. అది బడి చేతిలో లేదు. పని ఇచ్చు కాంట్రాక్టర్ల చేతిలోను, వారికి పని నప్పగించు యాజమాన్యముల చేతిలోను ఉన్నది.